పాత ప్రేమకథలు చదవాలనుకుంటే: ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఇప్పుడే వద్దు

"మంచి పాత ప్రేమకథ ఏదైనా ఉంటే చెప్పు" అని ఎవరైనా అడిగితే మనం నోటికొచ్చిన మొదటి పేరు చెప్పేస్తాం. నేనూ అలాగే చేశాను. మా పిన్ని కూతురి పెళ్ళికి చీరతో పాటు చలం 'మైదానం' పెట్టి ఇచ్చాను. ఆ నవలలో రాజేశ్వరి వకీలు భార్య. భర్తని వదిలేసి అమీర్‌తో వెళ్ళిపోతుంది. కథ నడిచేదంతా ఆ తర్వాతే. పెట్టె సర్దుతుంటే ఆ పుస్తకం కాస్తా కొత్త అత్తగారి చేతిలో పడింది. ఆ రాత్రి ఫోను. "అక్కా, ఊరంతా వెతికినా నీకు ఇంకో పుస్తకమే దొరకలేదా?"

పుస్తకంలో తప్పేమీ లేదు. నేను ఇచ్చిన వేళే తప్పు. ఆ తర్వాత అడిగినవాళ్ళకి పుస్తకం పేరు చెప్పడం మానేసి, వరస చెప్పడం మొదలుపెట్టాను. తెలుగు ప్రేమకథల్లో ఏది గొప్పదనే వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ఏ పుస్తకం తర్వాత ఏది పట్టుకున్నామన్నదే మనం చివరిదాకా చదువుతామా, యాభయ్యో పేజీలో మూసేస్తామా అన్నది తేలుస్తుంది. ఆ వరస ఇదిగో.

ముందు మీ చదివే వేగం చూసుకోండి

మాట్లాడే తెలుగు వేరు, చదివే తెలుగు వేరు. బెంగళూరులోనో డల్లాస్‌లోనో పెరిగి ఇంట్లో గలగలా మాట్లాడేవాళ్ళు కూడా అచ్చులో ఒత్తులు కనబడగానే ఆగిపోతారు. ఏదైనా కథ ఒక పేజీ పైకి చదవండి, ఫోనులో టైమ్ చూసుకోండి. రెండు మూడు నిమిషాల్లో అయిపోతే మీరు దేనికైనా సిద్ధమే. ఐదు నిమిషాలు దాటితే ఓ నెలపాటు నవలల జోలికి వెళ్ళకండి, చిన్న కథలే చదవండి. నెల తిరిగేసరికి వేగం దానంతట అదే వస్తుంది. దీనికి టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు.

ఒక్క రాత్రిలో అయిపోయే కథలతో మొదలుపెట్టండి

మొదటిది గురజాడ అప్పారావు 'దిద్దుబాటు'. 1910లో వచ్చింది, నాలుగైదు పేజీలకు మించదు. స్కూల్లో దీన్ని సంఘసంస్కరణ పాఠంలా చదివించేశారు కాబట్టి చాలామందికి ఇది ప్రేమకథ అన్న సంగతే తట్టదు. ఒక్కసారి ఆ పాఠం పక్కన పెట్టి చదవండి. రాత్రి ఒంటిగంటకి గోపాలరావు ఇంటికొచ్చి తలుపు తట్టుకుంటూ నిలబడతాడు. లోపలి నుంచి పలుకు లేదు. నెడితే తలుపు తెరుచుకుంటుంది. భార్య కమలిని లేదు, ఒక ఉత్తరం ఉంది. అప్పటిదాకా సానివాళ్ళ పాటలు విని వచ్చిన మనిషి, ఆ ఉత్తరం చదువుకునే ఆ కాసేపట్లో ఎన్ని రంగులు మారతాడో చూడండి. చివర్లో ఒక నవ్వు వినిపిస్తుంది. ఎక్కడి నుంచి వినిపిస్తుందో నేను చెప్పను. మొగుణ్ణి వదులుకోవడం ఇష్టం లేని, అలాగని ఊరుకోవడం కూడా ఇష్టం లేని అమ్మాయి ఎత్తు అది.

రెండోది పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం'. దీన్ని రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక చదవాలి. కాలవ మీద పడవ, చీకటి. మధ్యలో పద్దాలు, రంగి అనే ఇద్దరు ఎక్కుతారు. రంగి గొంతెత్తి పాడుతుంది. తర్వాత తన కథ చెప్పుకుంటుంది. పద్దాలు దొంగ, కొడతాడు, ఇంకో ఆడదాన్ని తెచ్చుకుంటాడు. అయినా ఈవిడ అతన్ని వదలదు. ఇవాళ్టి మన కళ్ళతో చూస్తే "ఇదేం ప్రేమ, వదిలేసి పోవచ్చుగా" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ రచయిత ఆమెని సమర్థించడు, జాలి కూడా పడడు. పడవలో ఉన్న పెద్దమనిషిని, అంటే మనల్ని, కూర్చోబెట్టి వినిపిస్తాడంతే. మొదటిసారి చదివినప్పుడు రంగి మీద కోపం వస్తే కంగారు పడకండి. కొన్నాళ్ళు ఆగి ఇంకోసారి చదవండి.

మూడోది దేవరకొండ బాలగంగాధర తిలక్ 'ఊరి చివర ఇల్లు'. వాన, కొత్త ఊరు, తలదాచుకోడానికి ఒక ఇల్లు, అందులో ఒక అమ్మాయి. తెల్లారేలోపల ఇద్దరి మధ్య ఏదో మొదలవుతుంది, అంతలో ఒక ముసలమ్మ నోరు విప్పుతుంది. అంతకంటే చెప్పడం పాపం. ఇది చదివిన రాత్రి ఇంకో కథ పెట్టుకోకండి.

పెళ్ళయి చాలా ఏళ్ళయినవాళ్ళకి మాత్రం నేను ఈ మూడింటికంటే ముందు చాసో 'వాయులీనం' ఇస్తాను. జబ్బుపడ్డ భార్యని దక్కించుకోడానికి ఆమె ప్రాణంగా చూసుకునే వాయులీనాన్నే, అంటే వయొలిన్‌నే, అమ్ముకోవాల్సి వస్తుంది. ఐ లవ్ యూ అనే మాటే తెలియని ఇల్లది.

తర్వాత ఒక వారం పైకి చదవండి

నండూరి వెంకట సుబ్బారావు 'యెంకిపాటలు' కళ్ళతో చదివే పుస్తకం కాదు. 1925లో పుస్తకంగా వచ్చిన ఈ పాటల్లో యెంకి, నాయుడుబావ మాట్లాడేది పల్లెటూరి వాడుక భాష. అచ్చులో చూస్తే అక్షరాలు వింతగా ఉంటాయి. నోటితో అంటే ఒక్కసారిగా అర్థమైపోతాయి. రోజుకి ఒకటో రెండో చాలు. వంటింట్లో చదవండి, డాబా మీద చదవండి, ఎవరూ లేనప్పుడు చదవండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని చదవండి. రెండో పాదం వాళ్ళే అందుకున్నా ఆశ్చర్యపోకండి, రేడియోలో ఎన్నోసార్లు విన్న పాటలవి.

ఇందులో కథ కోసం వెతక్కండి. పెద్ద గొడవలు లేవు, విలన్ లేడు. ఒకళ్ళ మీద ఒకళ్ళకి బెంగ, కొంచెం అలక, కలిసి చేసే తీర్థయాత్ర, చేలగట్ల మీద ఎదురుచూపులు. ఇష్టపడ్డ ఇద్దరు మామూలు పనిపాటల వాళ్ళ గురించి ఇంత పట్టించుకుని రాయడం అప్పట్లో కొత్త.

ఇప్పుడు ఒక సీరియల్ నవల

ఇక్కడికొచ్చేసరికి పేజీలు వాటంతట అవే తిరగాలి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' పట్టుకోండి. 1960లలో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. జయంతి ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు నెట్టుకొచ్చే అమ్మాయి, రాజశేఖరం డబ్బున్నవాడు. ఇద్దరికీ అభిమానం ఎక్కువే. ఆవిడ నవలల్లో హీరో అనగానే పెద్ద కారు, పెద్ద బంగళా అని మనం నవ్వుకుంటాం కదా. కానీ జాగ్రత్తగా చూడండి, నవలని నడిపేది కారు కాదు, జయంతి నోటికొచ్చినా బయటికి అనని మాటలు. జీతం కోసం ఒకరి కింద పనిచేస్తూ అతని ముందు తల వంచకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజుల్లో ఆఫీసులకి కొత్తగా వెళ్తున్న ఆడపిల్లలకి బాగా తెలుసు. ఆ సీరియల్ కోసం వాళ్ళు ఎదురుచూసింది ఊరికే కాదు.

చదివే పద్ధతి ఒకటి చెప్తాను. ఒక్క ఆదివారం కూర్చుని మొత్తం లాగించేయకండి. రోజుకి ఇరవై పేజీలు చదివి, మాంచి చోట ఆపండి. సీరియల్‌ని సీరియల్‌లాగే చదివితే ఆ రచయిత్రి పనితనం కనబడుతుంది, ప్రతి భాగం ఎక్కడ ఆగాలో ఆవిడకి తెలుసు. అక్కినేని, వాణిశ్రీ నటించిన సినిమా 1976లో వచ్చింది. దాన్ని నవల అయ్యాకే చూడండి. ముందే చూస్తే జయంతి మొహం మీరు ఊహించుకునే అవకాశం పోతుంది.

ఇదే దారిలో కోడూరి కౌసల్యాదేవి 'ప్రేమనగర్', 'చక్రభ్రమణం' ఉన్నాయి. రెండోది సినిమాగా 'డాక్టర్ చక్రవర్తి' అయింది. కాస్త కటువుగా కావాలంటే రంగనాయకమ్మ 'బలిపీఠం' చదవండి. వేరే కులాల ఇద్దరు పెళ్ళి చేసుకున్నాక అసలు కథ మొదలవుతుంది. ప్రేమ గెలిచిందని ఆనందపడే చోట ఆవిడ మొదలుపెడుతుంది. వెన్నెల, ఫోను, చిక్కుముడి లాంటివి ఇష్టమైతే యండమూరి వీరేంద్రనాథ్ 'వెన్నెల్లో ఆడపిల్ల' ఉంది. హీరో రేవంత్ చదరంగం ఆటగాడు, అమ్మాయి ఎవరో చెప్పకుండా ఫోను మీద ఆడిస్తుంది. క్లాసిక్ అనొచ్చా అని పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారేమో గానీ, తెలుగు చదవడం మానేసిన ఇద్దరిని నేను దీంతోనే వెనక్కి తెచ్చాను.

'దేవదాసు' గురించి ఒక మాట

మనవాళ్ళకి దేవదాసు అంటే 1953 నాటి నాగేశ్వరరావు, కుక్క, మందు సీసా. అసలు అది శరత్‌చంద్ర చటర్జీ బెంగాలీ నవల, 1917లో అచ్చయింది. చక్రపాణి లాంటివాళ్ళు శరత్‌ని ఎంత చక్కగా తెలుగు చేశారంటే, ఆయన మనవాడే అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నవల చిన్నది, చదివేయొచ్చు. కానీ సినిమా గుర్తుంచుకుని చదివితే దెబ్బతింటారు. నవలలో దేవదాసు పార్వతి నుదుటి మీద గాలం కర్రతో కొడతాడు, రక్తం కారుతుంది. జాలి పడాలో వద్దో తేల్చుకోలేని మనిషి అతను. ఆ ఇబ్బందితోనే చదవండి.

ఇప్పుడు బరువైన మూడు

ఇక్కడిదాకా వచ్చారంటే మీ చేతికి పట్టు దొరికినట్టే. ఈ మూడింటికీ మాత్రం వరస తప్పకండి.

మొదట విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'. విశ్వనాథ అనగానే 'వేయిపడగలు' లావు గుర్తొచ్చి భయపడతారు. ఇది అలాంటిది కాదు, సన్నటి పుస్తకమే. కథ నాయకరాజుల కాలం నాటి మదురలో నడుస్తుంది. కుట్టాన్ సేతుపతి, వీరభూపతి స్నేహితులు. సేతుపతి మీనాక్షిని ప్రేమించాడు, వీరభూపతి ఏకవీరని. పెళ్ళిళ్ళు తారుమారైపోతాయి. సేతుపతికి ఏకవీర, వీరభూపతికి మీనాక్షి. తను కట్టుకున్నది తన స్నేహితుడు ప్రేమించిన అమ్మాయినేనని ఆ ఇద్దరికీ చాలాసేపటిదాకా తెలియదు, మనకి తెలుస్తుంది. ఆ నలిగిపోవడమే నవల.

పుస్తకం తెరిచే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నలుగురి పేర్లూ నాలుగు మూలల్లో రాయండి. ప్రేమకి ఒక రంగు గీత, పెళ్ళికి ఇంకో రంగు గీత. నేను మొదటిసారి అలా చేయకుండా చదివి ముప్పయ్యో పేజీలో ఎవరు ఎవరో తెలియక వెనక్కి తిరిగాను. ఆ కాగితం పుస్తకంలోనే గుర్తుగా పెట్టుకోండి. ఇంకో సంగతి. ఇందులో సంఘటనలు తక్కువ, ఒక గదిలో ఇద్దరు మాట్లాడకుండా కూర్చునే పేజీలు ఎక్కువ. కథ కదలడం లేదనిపించిన చోటే నిదానంగా చదవండి. భర్త ముభావంగా ఉంటే తన తప్పేమిటో తెలియక ఏకవీర పడే అవస్థ అక్కడే ఉంది. 1969లో ఎన్టీఆర్, కాంతారావులతో సినిమా కూడా తీశారు. పాటలు వినండి, నవల మాత్రం నవలే.

తర్వాత 'మైదానం'. 1927 నాటి పుస్తకం. భాష ఎంత తేలికంటే, ఇవాళ పొద్దున్న రాసినట్టు ఉంటుంది. రాజేశ్వరి తన స్నేహితురాలికి చెప్పుకుంటున్నట్టు నడుస్తుంది. ఏరు, చెట్టు, ఖాళీ మైదానం, అమీర్. మొదటి సగం చదివి "ఆహా, స్వేచ్ఛ" అని స్టేటస్ పెట్టేసేవాళ్ళు, "ఛీ" అని మూసేసేవాళ్ళు ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తారు. రెండో సగంలో మీరా అనే కుర్రాడు వస్తాడు, కథ ఇద్దరి చేతుల్లోంచి జారిపోతుంది. పారిపోయి వచ్చిన చోట కూడా ఆడదాని శరీరం మీద ఎవరి మాట చెల్లుతుందన్న గొడవ ఆమెని వదలదు. పూర్తయ్యేదాకా ఎవరితోనూ దీని గురించి వాదించకండి. మొదటి సగం మీద వాదించి మాట జారి, రెండో సగం చదివాక సిగ్గుపడిన అనుభవం నాకుంది.

ఆఖర్న బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. దయానిధి జీవితంలోకి కోమలి, అమృతం, ఇందిర ఇలా ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అతను ఎవరినీ పూర్తిగా ప్రేమించలేడు. తల్లి గురించి లోకం అనే మాటలు అతని వెంటే తిరుగుతుంటాయి. దీన్ని ప్రేమకథ అని ఇస్తే కొందరు తిడతారు. ప్రేమ చేతకాని మనిషి కథ కూడా ప్రేమకథే అని నా వాదన. మనసులో గుట్టుగా నడిచే ఆలోచనలే ఎక్కువ, కాబట్టి బస్సులో, మెట్రోలో చదివే పుస్తకం కాదు. రోజుకి పది పేజీలు చాలు. విడిపోయి నెల కూడా కానివాళ్ళకి మాత్రం ఇవ్వకండి.

కావ్యాలకి భయపడకండి, కానీ తాత్పర్యం ఉన్న ప్రతే కొనండి

ప్రబంధం మొత్తం చదవక్కర్లేదు. ఒక్కో ఘట్టం చాలు. పోతన భాగవతంలో రుక్మిణీకల్యాణం తీసుకోండి. పెళ్ళికాని అమ్మాయిలు పారాయణ చేస్తే మంచి సంబంధం వస్తుందని పెద్దవాళ్ళు చదివిస్తారు, ఆ వంకతో చాలా ఇళ్ళలో ఉంటుంది. భక్తి పక్కన పెట్టి రుక్మిణి పంపిన కబురు ఒక్కటే చూడండి. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత ఆమె కృష్ణుడికి విరహం ఒక్కటే చెప్పి పంపలేదు. పెళ్ళికి ముందు రోజు పెళ్ళికూతురు ఊరి బయట అమ్మవారి గుడికి వెళ్ళడం తమ ఇంటి ఆచారమనీ, అక్కడికొస్తే తీసుకుపోవచ్చనీ దారి, సమయం, చోటు అన్నీ చెప్పింది. కోటలోకి వస్తే చుట్టాలు చచ్చిపోతారని ఆయనకి మొహమాటం రాకుండా ముందే ఆలోచించి పెట్టింది! లేచిపోవడానికి ఇంత పక్కా ప్లాన్ వేసిన అమ్మాయి పేరు మీద మనవాళ్ళు పెద్దలు కుదిర్చే సంబంధాల కోసం పారాయణ చేయిస్తారు.

పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు, వరూధిని కలుసుకునే చోటు రెండోది. కాలికి రాసుకున్న పసరు మంచుకి కరిగిపోయి హిమాలయాల్లో ఇరుక్కుపోయిన ఆ బ్రాహ్మడు, కనబడిన అప్సరసని ఇంటికి దారి అడుగుతాడు. ఇంతింత కళ్ళుండగా దారి నన్నడుగుతావేమయ్యా అంటుందామె. తాత్పర్యం ముందు చదివి, తర్వాత పద్యం నోటితో అనండి. ఆ వరస తిప్పితే తలనొప్పి.

కుతూహలం ఉంటే ముద్దుపళని 'రాధికాసాంత్వనము' కూడా చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ఒక స్త్రీ రాసిన శృంగార కావ్యం. రాధే దగ్గరుండి ఇళ అనే అమ్మాయికి కృష్ణుడితో పెళ్ళి చేసి, ఆ తర్వాత తట్టుకోలేకపోతుంది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చువేయిస్తే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా (ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రిగా) ఉన్నప్పుడు నిషేధం ఎత్తేశారు. ఇదీ పెళ్ళి కానుక కాదు, అనుభవంతో చెప్తున్నాను.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

కథలకైతే డబ్బు ఖర్చు లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో పెట్టిన కథానిలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికల్లో అచ్చయిన కథల స్కాన్లు బోలెడు ఉన్నాయి. నవలలు కొత్త ప్రతులు దొరుకుతూనే ఉంటాయి, విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలకి వెళ్తే ఒకేచోట అన్నీ చూసుకోవచ్చు. పాతవే కావాలనుకుంటే ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్ళండి. యద్దనపూడి పాత ముద్రణలు కనబడితే బేరమాడే ముందు చివరి పది పేజీలు ఉన్నాయో లేదో చూడండి. అద్దె పుస్తకాల షాపుల నుంచి వచ్చిన ప్రతుల్లో ఎగిరిపోయేవి ఆ పేజీలే. నెట్‌లో దొరికే స్కాన్లలో కూడా అంతే, దించుకోగానే ఆఖరి పేజీ తెరిచి చూసుకోండి. నూట ఎనభయ్యో పేజీలో కథ తెగిపోతే ఆ బాధ దేవదాసుకి కూడా వద్దు.

ఇంకొకరికి చెప్పేటప్పుడు

ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఆఖరిసారి తెలుగులో చదివింది ఏమిటి? ఇప్పుడు మనసు ఎలా ఉంది? మొదటిదానికి "గుర్తులేదు" అంటే 'దిద్దుబాటు' ఫోనుకి పంపించండి, పుస్తకం కొనమనకండి. ఏడవాలని ఉందంటే 'ఊరి చివర ఇల్లు', నవ్వుకోవాలని ఉందంటే ముళ్ళపూడి వెంకటరమణ 'రాధాగోపాళం' చాలు. ఏదిచ్చినా ముగింపు చెప్పకండి. "నాకు ఏడుపొచ్చింది తెలుసా" అని కూడా అనకండి, అవతలివాళ్ళు ఏడుపు రాలేదని మొహమాటపడి మీకు ఫోను చేయడం మానేస్తారు. ఒకేసారి ఒక్క పుస్తకమే ఇవ్వండి. లోపల పేరు, తారీకు రాసి ఇవ్వండి.

నేను 'మైదానం' మీద పేరు రాశాను కాబట్టే మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతుర్ని ధైర్యంగా అడిగాను, నా పుస్తకం ఏదే అని. అత్తగారి బీరువాలో ఉందట. నాలుగైదుసార్లు అడిగిందట గానీ, ఆవిడ "ఇంకా అవ్వలేదమ్మా" అంటున్నారట.